స్ప్రూస్ దుంగ మీద గులాబీ రంగు పాలీపోర్. రికార్డు చెయ్యడం ఎలా? (కోత రిబ్బన్లు కట్టేశారు)

శ్రావణి_ఔలు
సెప్టెంబరు 14

అందరికీ నమస్తే. మేముండేది ఫిన్లాండ్‌లో, ఔలు ఊళ్ళో. ఆదివారం ఉతాయార్వి వైపు లింగన్‌బెర్రీలు ఏరడానికి వెళ్తే ఒక పాత స్ప్రూస్ (క్రిస్మస్ చెట్టులాంటి సూదాకుల చెట్టు) అడవి తగిలింది. మామూలుగా ఇక్కడి అడవుల్లో చెట్లన్నీ ఒకే ఈడువి, నేల ఊడ్చిపెట్టినట్టు ఉంటుంది. ఇది అలా లేదు. పడ్డ మాను మీద ఇంకో మాను, అన్నీ నాచు పట్టి ఉన్నాయి. దాటుకుంటూ నడిచేసరికి మోకాళ్ళు పట్టేశాయి.

ఒక దుంగ పక్కవాటున పాలీపోర్లు కనిపించాయి. కొత్తవాళ్ళ కోసం చెప్తున్నా: గొడుగులా కాడ మీద కాకుండా చెక్కకే అంటుకుని పెరిగి, అడుగున సన్నటి రంధ్రాలుండే శిలీంధ్రాలివి. ఇవి పైన నల్లగా, పగుళ్ళతో ఉన్నాయి. అడుగున మాత్రం ఉల్లిపొర రంగు. ఫోటోలు పెట్టాను.

ఇది అరుదైనదేనా? అయితే ఎక్కడ, ఎలా నమోదు చెయ్యాలి? తొందరెందుకంటే ఆ చుట్టుపక్కల చెట్లకి రిబ్బన్లు కట్టి ఉన్నాయి. నరికేస్తారేమోనని నా భయం.

బగ్‌ఫిక్స్ బాబు
సెప్టెంబరు 14

దీనికింత ఆలోచనెందుకండీ. ఐనాచురలిస్ట్ యాప్‌లో ఫోటో పడేస్తే పేరు అదే చెప్తుంది, లొకేషన్ అదే తీసుకుంటుంది. రెండు నిమిషాల పని.

ట్రోండ్‌హైమ్ మూర్తి
సెప్టెంబరు 14

శ్రావణి గారూ, ఫోటోలు బాగున్నాయి. నాకు ఫోమిటాప్సిస్ రోజియాలాగే ఉంది. కొత్త పుస్తకాల్లో దీన్ని రోడోఫోమెస్ రోజియస్ అంటున్నారు. ఫిన్లాండ్, స్వీడన్, నార్వే మూడు దేశాల ఎర్ర జాబితాల్లోనూ (ముప్పు పొంచి ఉన్న జాతుల పట్టికలు) ఉంది. స్ప్రూస్ దుంగలు తరతరాలుగా పడుతూ, కుళ్ళుతూ, మళ్ళీ పడుతూ ఉన్న చోటే ఇది నిలదొక్కుకుంటుంది. కాబట్టి మీరు చూసిన అడవి ఉత్త అడవి కాదు.

బాబు గారూ, ఆ రెండు నిమిషాల పని చెయ్యొద్దనను, చెయ్యాల్సిందే. కానీ దాంతో పని అయిపోదు. ఇదే అడవిలో ఫోమిటాప్సిస్ పినికోలా అడుగడుక్కీ ఉంటుంది. అదీ ముసలిదయితే పైన నల్లబడుతుంది. పక్కనే నిలబడి చూస్తే తేడా తెలిసిపోతుంది. పినికోలా అడుగుభాగం మీగడ రంగులో ఉంటుంది, అంచున నారింజ ఎరుపు పట్టీ ఉంటుంది, పై పెచ్చుకి అగ్గిపుల్ల చూపిస్తే అది కరిగి బుడగలొస్తుంది. ఇవేవీ ఫోటోకి అందవు. ఈ జంటదైతే సులువు కేసే. చెక్క అడుగున తెల్లటి పొరలా అంటుకుని పెరిగే జాతులు డజన్లకొద్దీ ఉన్నాయి. వాటి ఫోటోకి యాప్ చెప్పే పేరు కేవలం ఊహ.

మళ్ళీ వెళ్ళగలిగితే ఇవి రాసుకోండి:

ఏ చెట్టు? స్ప్రూసే అని ఖాయం చేసుకోవాలి. బెరడు మిగిలి ఉంటే దాన్నీ ఫోటో తియ్యండి. పడినదా, నిలువునా ఎండినదా, నరికిన మొద్దా? వేళ్ళతో లేచి పడిందా, మధ్యలో విరిగిందా? లావు ఎంత?

కుళ్ళు ఎంత ముదిరింది? దీనికి కత్తి చాలు. దుంగలోకి గుచ్చండి. కొన్ని మిల్లీమీటర్లే దిగితే మొదటి దశ. ఒకటి రెండు సెంటీమీటర్లు దిగితే రెండు, మూడు నుంచి ఐదు సెంటీమీటర్లయితే మూడు. అలుగంతా దిగిపోతే నాలుగు. చేత్తో పిసికితే పొడైపోతే ఐదు. ఉత్తర ఫిన్లాండ్ దుంగల మీద పెర్త్తి రెన్వాల్ 1995లో వేసిన పరిశోధన నుంచి ఈ కొలత అందరికీ అలవాటైంది.

అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ దుంగ మీద ఇంకేమున్నాయో చూడండి. పక్కనున్నవాటిని వదిలేసి అందమైనదాన్నే రాసుకొచ్చేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళుమంట.

కోనసీమ కుర్రాడు
సెప్టెంబరు 15

మా ఊళ్ళో కొబ్బరిచెట్టు మొదట్లో ఇలాంటిది కనిపిస్తే మా నాన్న తల పట్టుకుంటాడు. గానోడెర్మా తెగులు తగిలితే ఇక ఆ చెట్టు మీద ఆశ వదులుకోవడమే, పక్క చెట్లకి పాకకుండా కందకం తవ్వడమే. మీరేమో అది కనపడితే సంబరపడుతున్నారు, కనపడకపోతే ఏడుస్తున్నారు. ఒక్క ముక్క అర్థం కాలేదు నాకు. అడవికి దీనివల్ల లాభమేంటి?

ఉప్సల_రమ
సెప్టెంబరు 15

తమ్ముడూ, తోటలో ఉన్నది బతికిన చెట్టు. ఇక్కడ ఉన్నది చచ్చిన మాను. దాన్ని కుళ్ళబెట్టి మట్టిలో కలపడమే వీటి పని, అందుకు మొదలుపెట్టేది శిలీంధ్రమే. అది మెత్తబరిచాకే పురుగులు, పిట్టలు, నాచు, కొత్త మొలకలు. ఫిన్లాండ్ అడవి జీవుల్లో 20 నుంచి 25 శాతం, అంటే 4,000 నుంచి 5,000 జాతులు, ఏదో ఒక దశలో చచ్చిన చెక్క మీదే ఆధారపడతాయని లెక్క వేశారు.

ఆ చెక్కేమో లేదు. దక్షిణ ఫిన్లాండ్‌లో మనిషి చెయ్యి పడని స్ప్రూస్ అడవిలో హెక్టారుకి 60 నుంచి 120 ఘనమీటర్ల చచ్చిన కలప ఉంటుంది. కోతల కోసం పెంచే అడవిలో 2 నుంచి 10. అందులోనూ లావుపాటి ముసలి దుంగలు దాదాపు సున్నా. మీ నాన్నగారికి గానోడెర్మా శత్రువే, కాదనను. కానీ శ్రావణి గారు చూసిన జాతి బతికిన తోటల జోలికి పోదు. దానికి పడ్డ స్ప్రూస్ కావాలి, అంతే.

స్వీడన్‌లో ఈ రికార్డులకి వేరే చరిత్ర కూడా ఉంది. 1980ల చివర్లో యోక్‌మోక్ వైపు మాట్స్ కార్‌స్ట్రోమ్ అనే ఆయన, ఆయన మిత్రులు, గొడ్డలికంటే ముందే అడవిలోకి వెళ్ళి, అడవి విలువ చెప్పే ఇలాంటి సూచిక జాతుల్ని గుర్తించే పని పెట్టుకున్నారు. జీతాల్లేవు, సెలవుల్లో నడకే. 1993లో ప్రభుత్వం విలువైన అడవి తునకల్ని దేశమంతా లెక్కించడం మొదలుపెట్టినప్పుడు వాళ్ళ పద్ధతి బాగా అక్కరకొచ్చింది. రోజియా ఆ సూచికల్లో ఒకటి.

బగ్‌ఫిక్స్ బాబు
సెప్టెంబరు 15

సరే, ఒప్పుకున్నా. కానీ మూర్తి గారు రేపో మాపో ‘ముక్క కోసి తెచ్చుకోండి’ అంటారని నాకు తెలుసు. అరుదైనదంటూనే కొయ్యడమేంటి సార్?

ట్రోండ్‌హైమ్ మూర్తి
సెప్టెంబరు 15

అంటాను. మీకు బయట కనిపించేది కాయ లాంటిది. అసలు శిలీంధ్రం దుంగ లోపల మీటర్ల పొడవునా పోగులు పోగులుగా అల్లుకుని ఉంటుంది. నాలుగైదు ఉన్నచోట ఒకదాని అంచు నుంచి వేలెడంత ముక్క, రంధ్రాలూ లోపలి కండా రెండూ వచ్చేలా కోస్తే దానికేమీ కాదు. మిగతాదాన్ని అక్కడే ఉంచాలి. ఒక్కటే ఒక్కటి చిన్నది ఉంటే మాత్రం నేనూ ముట్టుకోను, ఫోటోతో సరిపెడతాను.

కొయ్యకుండా నమ్మమంటే సైన్సు నమ్మదు. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ జాతిని నాలుగుగా విడగొడితే మీ ఫోటో ఆ నాలుగింటిలో దేనిదో ఎవరు చెప్పగలరు? ఎండిన ముక్క ఉంటే చెప్తుంది.

అనుమతి సంగతి కూడా చెప్పాలి. జాతీయ ఉద్యానంలోనో రక్షిత ప్రాంతంలోనో అయితే పరిశోధన అనుమతి లేకుండా చెయ్యి పెట్టొద్దు. బయటి అడవి అయితే యజమానిని అడగడం మర్యాద. ఫిన్లాండ్‌లో బెర్రీలు ఎవరైనా ఏరుకోవచ్చు గానీ ఎండుకట్టె కూడా యజమానిదే, మనం కోసే ముక్కతో ఎంతోకొంత చెక్క వస్తుంది కదా.

ఫణి ఎడ్మంటన్
సెప్టెంబరు 16

మూర్తి గారు అన్న ‘విడగొట్టడం’ మా వైపు జరిగింది. కెనడాలోనూ, అమెరికాలోనూ స్ప్రూస్ మీదా ఆస్పెన్ మీదా కనిపించే ఎర్ర అంచు పాలీపోర్‌ని వందేళ్ళకి పైగా అందరం యూరప్ పేరుతోనే, ఫోమిటాప్సిస్ పినికోలా అనే పిలిచాం. 1920, 30 దశకాల్లో ఐరీన్ మౌన్స్ అనే కెనడా శాస్త్రవేత్త వేర్వేరు చోట్ల నుంచి తెచ్చిన వాటిని గాజు పళ్ళేల్లో పెంచి, జతకట్టించి చూశారు. కొన్ని గుంపులు ఒకదానితో ఒకటి కలవనే కలవలేదు. అప్పట్లో ఆ సంగతి అక్కడితో ఆగిపోయింది. డీఎన్‌ఏ వచ్చాక 2019లో వాటిని వేర్వేరు జాతులుగా ప్రకటించి, ఒకదానికి ఆమె పేరు మీదే ఫోమిటాప్సిస్ మౌన్సియే అని పెట్టారు.

‘కొత్త జాతి’ అనగానే ఎవరూ అడుగుపెట్టని అడవి అనుకుంటాం. మా దగ్గర అది ప్రతి పార్కులోనూ ఉంది, రోజూ దాని పక్కనుంచే కుక్కల్ని తిప్పుతారు.

కోనసీమ కుర్రాడు
సెప్టెంబరు 16

బాగుంది. పిచ్చి ప్రశ్న ఒకటి. వీటికి వాసనుంటుందా? మా గానోడెర్మాకైతే చెప్పుకోదగ్గ వాసనేం లేదు.

ఉప్సల_రమ
సెప్టెంబరు 16

పిచ్చి ప్రశ్న కాదు, గుర్తుపట్టడానికి ముక్కు కూడా పనిముట్టే. హాప్లోపోరస్ ఒడోరస్ అని ఉత్తరాది ముసలి విల్లో చెట్ల మీద పెరిగేదొకటి ఉంది. చెట్టు కనపడకముందే సోంపు వాసన తగులుతుంది. లాప్లాండ్ కుర్రాళ్ళు అమ్మాయిల మెప్పు కోసం సువాసన పాలీపోర్‌ని చిన్న సంచిలో పెట్టుకు తిరిగేవారని స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1737లోనే రాశాడు.

ఫణి ఎడ్మంటన్
సెప్టెంబరు 16

ఇదే జాతిని ఇక్కడి మైదానాల ఆదివాసీలు పవిత్రంగా చూసుకునేవారు. దుస్తులకీ హారాలకీ కట్టుకున్నవి మ్యూజియాల్లో ఉన్నాయి. అవి ఒడోరసే అని 1997లో మిన్నెసోటా యూనివర్సిటీ రాబర్ట్ బ్లాంచెట్ తేల్చారు. అదీ ఎండిన ముక్క దాచడం వల్లే సాధ్యమైంది, బాబు గారూ 🙂

శ్రావణి_ఔలు
సెప్టెంబరు 21

మళ్ళీ వెళ్ళొచ్చాను. యజమానిని కనుక్కుని ఫోన్ చేశాను. పెద్దాయన, మొదట అనుమానంగా మాట్లాడినా ముక్కలు తీసుకోవడానికి సరేనన్నారు.

దుంగ స్ప్రూసే, వేళ్ళతో సహా లేచి పడింది. ఛాతీ ఎత్తు దగ్గర లావు 41 సెం.మీ. రోజియా ఉన్నచోట కత్తి రెండు సెంటీమీటర్లు దిగింది, అక్కడి చెక్క గోధుమ రంగులో చదరపు ముక్కలుగా పగులుతోంది. చివరికి వెళ్ళేకొద్దీ మెత్తన, నాలుగు సెంటీమీటర్ల పైనే దిగింది.

మూర్తి గారు తిట్టారని నేల మీద పడుకుని టార్చితో అడుగుభాగం చూశాను. తుప్పు రంగు పొర ఒకటి దాదాపు మీటరు పొడవున అంటుకుని ఉంది. సగానికి పైగా చచ్చిపోయి పొడిపొడిగా ఉంది. ఆ చచ్చిన భాగాన్ని ఆనుకుని ఇంకోటి, అరచేతి కన్నా చిన్నది, పలచగా, లేత ఇటుక రంగు రంధ్రాలతో ఉంది. దాని చుట్టూ సన్నటి తెల్ల అంచు. లెన్సులో చూస్తే రంధ్రాలు మరీ చిన్నవి. ఫోటో 6, 7 చూడండి. రోజియా మీద ఉన్న మోజులో దీన్ని దాటేసి పోయేదాన్నే.

ట్రోండ్‌హైమ్ మూర్తి
సెప్టెంబరు 21

అమ్మా శ్రావణీ, గులాబీదాన్ని కాసేపు పక్కన పెట్టు. 7వ ఫోటో పెద్దది పంపు.

తుప్పు రంగు పొర ఫెల్లినీడియం ఫెరుజినియోఫుస్కుమ్ అయి ఉండాలి. అదీ పాత స్ప్రూస్ అడవుల జాతే. దాన్ని ఆనుకుని ఉన్నదే అసలు సంగతి. ఈ శిలీంధ్రాల్లో కొన్ని దుంగలోకి తమంతట తాము రావు, ఫలానా జాతి వచ్చి కొంత పని చేసి వెళ్ళాకే వస్తాయి. నియెమెలా, రెన్వాల్, పెంత్తిలా ముగ్గురూ 1995లో ఈ జంటల గురించి రాశారు. పినికోలా వెనక పిక్నోపోరెల్లస్ ఫుల్జెన్స్ వస్తుంది. ఫెరుజినియోఫుస్కుమ్ వెనక ఇద్దరు వస్తారు: స్కెలిటోక్యూటిస్ బ్రెవిస్పోరా, యుంగ్‌హూనియా కొలాబెన్స్. మొదటిది తెల్లగా ఉంటుంది. ఇటుక రంగు, తెల్ల అంచు అంటే నా అనుమానం రెండోదాని మీద.

అనుమానమే సుమా. మైక్రోస్కోప్ కింద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్కలో పెట్టి చూస్తే రంధ్రాల గోడల్లో పొడుగాటి, స్ఫటికాల పెచ్చు కట్టిన కణాలు కనపడాలి. తర్వాత నూనె లెన్సు కింద వెయ్యి రెట్లలో బీజాలు (స్పోర్లు) కొలవాలి. కనీసం ముప్ఫై కొలిస్తే గానీ నేను నమ్మను.

ఒకదాని నీడన బతికే జాతి అంటే అరుదులో అరుదు. ముందుదే అరుదైతే వెనకొచ్చేదాని గతి ఏంటో ఆలోచించండి.

ఉప్సల_రమ
సెప్టెంబరు 22

మూర్తి గారితో ఇక్కడ కాస్త పేచీ. ‘కనపడటం అరుదు’ వేరు, ‘ఉండటం అరుదు’ వేరు. దుంగకి డ్రిల్లుతో రంధ్రం పెట్టి, ఆ పొట్టులోంచి డీఎన్‌ఏ తీసి చూసిన పరిశోధనలు ఫిన్లాండ్, స్వీడన్ రెండు చోట్లా వచ్చాయి. బయట ఏమీ కనపడని దుంగల్లో కూడా కొన్ని జాతుల పోగులు లోపల ఉన్నాయి. పైగా ఏడాదికోసారి పుట్టి పోయేవాటిని ఒక్కసారి వెళ్ళి చూస్తే సగం తప్పిపోతాయి. మంచి కాలం సెప్టెంబరు, అక్టోబరు. జూన్‌లో వెళ్ళి ‘లేదు’ అని రాసేవాళ్ళున్నారు.

ట్రోండ్‌హైమ్ మూర్తి
సెప్టెంబరు 22

పొట్టులో పోగు దొరికినంత మాత్రాన సంసారం నడుస్తున్నట్టు కాదమ్మా. బీజాలు రాలితేనే ఇంకో దుంగకి చేరేది. చుట్టూ పాత అడవి లేనిచోట రోజియా బీజాలు రాలడమే తక్కువని మీ స్వీడన్‌వాళ్ళే 2004లో చూపించారు. కాయ కాయని చెట్టుని నేను తోట లెక్కలో వెయ్యను.

ఉప్సల_రమ
సెప్టెంబరు 22

తోట లెక్కలో వెయ్యకపోయినా చెట్టు ఉందని రాయాలి కదా సార్. లేదని రాసేస్తే తర్వాత ఎవరూ వెతకరు. సరే, ఇది ఇక్కడ తేలేది కాదు.

బగ్‌ఫిక్స్ బాబు
సెప్టెంబరు 22

లొకేషన్ బయటపెట్టొచ్చా? ఎవరైనా వచ్చి కోసుకుపోతే?

ఉప్సల_రమ
సెప్టెంబరు 22

టీ కాచుకోవడానికి అమ్మే చాగా శిలీంధ్రం లాగా మార్కెట్ ఉన్నదాని విషయంలో జాగ్రత్త అవసరమే. పడ్డ దుంగ అడుగున పలచటి ఇటుక రంగు పొరని కొనేవాడెవడూ లేడు. దీనికి ప్రమాదం సేకరించేవాళ్ళ వల్ల కాదు, కోత యంత్రం వల్ల. దాచిపెడితే కోతకి ముందు మ్యాపు చూసేవాళ్ళకి అక్కడ ఏమీ లేనట్టే కనపడుతుంది. నా ఓటు బయటపెట్టడానికే. ఫిన్లాండ్‌లో అయితే లాయి డాట్ ఎఫ్ఐలో, స్వీడన్‌లో ఆర్ట్‌పోర్టాలెన్‌లో (రెండూ జీవజాతుల్ని నమోదు చేసే సైట్లు) పెడితే అక్కడి నుంచి జీబీఐఎఫ్ అనే ప్రపంచ డేటాబేస్‌కి కూడా చేరుతుంది.

శ్రావణి గారూ, ఇంకో మాట. ఫిన్లాండ్‌లో కోతకి కనీసం 10 రోజుల ముందు అటవీ కేంద్రానికి నోటీసు ఇవ్వాలి, అవి ఆన్‌లైన్ మ్యాపులో కనపడతాయి. చూడండి. అయితే ఒక్క రికార్డు పెట్టగానే కోత ఆగిపోతుందని ఆశ పెట్టుకోకండి. చట్టం అంత పట్టు ఇచ్చేది కొద్ది జాతులకే. యజమానితో మాట్లాడటమే ఎక్కువ పని చేస్తుంది. స్వచ్ఛందంగా అడవిని వదిలితే పరిహారం ఇచ్చే మెట్సో పథకం 2008లో మొదలైంది. ఆయనకి ఆ మాట చెవిన వెయ్యండి.

శ్రావణి_ఔలు
సెప్టెంబరు 27

మ్యాపులో నోటీసు ఉంది. పెద్దాయనతో మళ్ళీ మాట్లాడాను. ఎగువన ఉన్న సగం ఈ చలికాలం నేల గడ్డకట్టాక నరుకుతారట, అది ఖాయమన్నారు. దుంగలున్న పల్లపు తడి భాగం జోలికి ఇప్పటికి వెళ్ళరట. మెట్సో సంగతి కొడుకుతో మాట్లాడి చెప్తానన్నారు. ఆ కొడుకు హెల్సింకీలో ఉంటాడు. ‘మీ దేశంలో పుట్టగొడుగుల కోసం ఇంత దూరం నడుస్తారా?’ అని అడిగారు. తినడానికైతే నడుస్తామన్నాను.

ముక్కలు కాగితం సంచుల్లో ఉన్నాయి. ఇప్పుడేం చెయ్యాలి?

ట్రోండ్‌హైమ్ మూర్తి
సెప్టెంబరు 27

సగం దక్కిందంటే చిన్న విషయం కాదు.

పండ్లు ఆరబెట్టే యంత్రం ఉంటే 40 డిగ్రీల దగ్గర ఒక రాత్రంతా పెట్టు, విరిస్తే ఫెళ్ళుమనాలి. ఓవెన్‌లో మాడ్చొద్దు, డీఎన్‌ఏ పాడవుతుంది. తర్వాత జిప్ కవర్లో వేసి వారం రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచు. పాలీపోర్లనే తిని బతికే చిట్టి పెంకు పురుగులుంటాయి. ఒక్కటి బతికినా హెర్బేరియంలో (ఎండిన నమూనాలు దాచే చోటు) పక్క పెట్టెలన్నీ పాడుచేస్తుంది. హెల్సింకీ మ్యూజియానికి నేరుగా పార్సెల్ పంపకుండా ముందు మెయిల్ రాసి ఒప్పుకున్నాకే పంపు. ఐటీఎస్ అనే డీఎన్‌ఏ భాగాన్ని చదివి ఎస్టోనియా తార్తులో నడిచే యునైట్ డేటాబేస్‌తో పోలిస్తే పేరు తేలుతుంది, లేదా ఎవరితోనూ కలవలేదని తేలుతుంది. రెండోదైతే ఇంకా మంచిది.

లేబుల్ ఇక్కడ పెట్టు, చూస్తాను.

శ్రావణి_ఔలు
సెప్టెంబరు 28

‘ఫిన్లాండ్, ఉత్తర ఒస్ట్రోబోత్నియా, ఉతాయార్వి. పాత స్ప్రూస్ అడవి, తడి పల్లం. వేళ్ళతో పడిన స్ప్రూస్ మాను, లావు 41 సెం.మీ., కుళ్ళు దశ 3, దుంగ అడుగున, చచ్చిన ఫెల్లినీడియం ఫెరుజినియోఫుస్కుమ్‌ని ఆనుకుని. అదే దుంగ మీద ఫోమిటాప్సిస్ రోజియా. యుంగ్‌హూనియా కొలాబెన్స్.’

కింద తేదీ, అక్షాంశ రేఖాంశాలు, నా పేరు, సేకరణ నంబరు ఉన్నాయి.

ట్రోండ్‌హైమ్ మూర్తి
సెప్టెంబరు 28

కొలాబెన్స్ ముందు ప్రశ్నార్థకం పెట్టు. ఫెరుజినియోఫుస్కుమ్ ముక్క కూడా తీశావా? అదే నంబరు పక్కన ‘బి’ అని రాసి వేరే సంచిలో వెయ్యి. రెండూ కలిసి చేరాలి.

ఉప్సల_రమ
సెప్టెంబరు 28

లొకేషన్ ఖచ్చితత్వం ఎన్ని మీటర్లో కూడా రాయండి. స్ప్రూస్ కింద ఫోన్ జీపీఎస్‌ని నమ్మలేం, పది పదిహేను మీటర్లు అటూఇటూ పోతుంది. అంతలో నాలుగు దుంగలుంటాయి.

శ్రావణి_ఔలు
సెప్టెంబరు 28

‘బి’ ముక్క ఉంది. ఖచ్చితత్వం 15 మీటర్లని రాశాను. దుంగ మొదట్లో గుర్తుగా ఏదైనా కట్టొచ్చా?

ట్రోండ్‌హైమ్ మూర్తి
సెప్టెంబరు 28

యజమానిని అడిగి కట్టు. రిబ్బన్ మాత్రం వద్దు తల్లీ, కోతవాళ్ళు వాళ్ళదే అనుకుంటారు. చిన్న అల్యూమినియం బిళ్ళ కొట్టు.